తొమ్మిది దీపాలు

రాజమల్లు కన్ను తప్పు చెప్పదు. కాశీబుగ్గలో ఆ పాత సినిమా హాలు చుట్టుపక్కల ఎవరినడిగినా ఈ మాట చెప్తారు, అడగకపోయినా చెప్తారు. ముప్పయ్యేళ్లు ప్రొజెక్టర్ పక్కన కూర్చున్న మనిషి. కార్బన్ కడ్డీలు మండించి బొమ్మ వేసిన రోజుల్లో, తెర మీద ఏ మూల వెలుగు వీసమెత్తు తగ్గినా చేతిలో టీ గ్లాసు అక్కడే పెట్టి లేచేవాడట. హాలు మూతపడ్డాక పరకాల దగ్గర సొంతూళ్లో పత్తిచేను చూసుకున్నాడు. అక్కడా ఆకు మీది పురుగు గుడ్డు అందరికంటే ముందు ఆయనకే కనిపించేదని భార్య మొగిలమ్మ చెప్పుకునేది, కాస్త గొప్పగా, కాస్త విసుగ్గా.

నిరుడు ఒక ట్రస్టు వాళ్లు ఆ హాలు తీసుకుని అంతరిక్ష ప్రదర్శనశాల చేశారు. కుర్చీలు పీకేసి నేల చదును చేశారు. పిల్లలు ఒక్కో కంటికి ఒక్కో బొమ్మ చూపించే హెడ్‌సెట్ తగిలించుకుంటే చాలు, కాశీబుగ్గలో నిలబడే చంద్రుడి మీద నడిచి రావచ్చు. హాలు వ్యవహారమంతా చూసే సుకన్య మేడం, ఎక్కడెక్కడో వాకబు చేసి పాత ఆపరేటర్ రాజమల్లునే మళ్లీ పిలిపించింది. చంద్రుణ్ణీ సూర్యుణ్ణీ నీడల్నీ కంప్యూటర్లో పుట్టించే పని సుప్రియది. ఇరవై ఏడేళ్ల పిల్ల, పొట్టి మనిషి, పట్టు పడితే ఉడుం. పాత బాల్కనీలో బల్ల వేసుకుని కూర్చునేది.

మొదట్లో ఆ పిల్లకు రాజమల్లు మీద పెద్ద గురేమీ లేదు. రీళ్ల కాలం మనిషికి దీంట్లో ఏం తెలుస్తుందిలే అనుకుంది. ఒకరోజు ఆయన హెడ్‌సెట్ తీసి, "బిడ్డా, ఎడమ బొమ్మల నీడ తప్పు వడ్తాంది," అన్నాడు.

"నాకు మంచిగనే కనవడ్తాంది గద కాకా."

"రెండు కండ్లతోని చూస్తే ఎవలికైనా మంచిగనే ఉంటది. ఒకటి మూసి ఒకటి చూడు."

ఒకటి మూసి చూసింది. నిజమే. కుడి కంటికి గొయ్యి అంచున మెరుపు ఒకచోట ఉంటే, ఎడమ కంటికి ఉండాల్సిన చోట లేదు. మూడు రోజులు జుట్టు పీక్కుంటే తెలిసింది, ఎడమ బొమ్మకు వెలుగు లెక్క కట్టేటప్పుడు ప్రోగ్రాం కుడికన్ను ఉన్న చోటునే వాడుకుంటోంది. ఒక్క వరుసలో తప్పు. హైదరాబాదు నుంచి వచ్చి పరీక్షించిపోయిన ఇంజినీర్లు ఒక్కరూ పట్టుకోలేదు.

ఆ రోజు నుంచి సుప్రియకు రాజమల్లు మాటంటే వేదవాక్కు. వాళ్లది చర్చికి పోయే ఇల్లు కాబట్టి బైబిలు వాక్యం అనాలేమో. ఏ మార్పు చేసినా చివరి పరీక్ష ఒక్కటే, కాక రోజూ పొద్దున ఒక కన్ను మూసి, మళ్లీ రెండో కన్ను మూసి చూసి, సరే అనాలి. గురి కుదిరితే మనిషి అంతే, కళ్లు మూసుకుంటాడు.

ప్రారంభానికి పదిరోజులుందనగా, ఒక బుధవారం, కాక సరే అనలేదు.

"ఎడమ దాంట్లనే బిడ్డా. కింద మూలకు, ముక్కు దిక్కు. నీడ అచ్చింది."

సుప్రియ తన హెడ్‌సెట్లో చూసింది. నీడ లేదు. అయినా ఆమెకు అనుమానం రాలేదు. మొన్న కూడా తనకు కనిపించలేదు కదా! తన కంప్యూటర్లో బాగున్నది హాలు కంప్యూటర్లో చెడడం కొత్తా? కూర్చుని వెతికింది. సాయంత్రందాకా తప్పు దొరక్క, పని నడవాలి గనక, ఎడమ కంటి బొమ్మలో ఆ మూలకు చిన్న దీపం ఒకటి పెట్టింది. కంప్యూటర్లో దీపమంటే నూనే వత్తీ కావు, ఫలానా చోట ఇంత వెలుగు వేయమని రాయడం.

మర్నాడు కాక అన్నాడు, "జర పెరిగింది."

రెండో దీపం పెట్టింది. శుక్రవారం మూడోది, శనివారం నాలుగోది. రాజమల్లు ఊరికే నోటిమాటగా చెప్పే మనిషి కాడు. ఆపరేటర్ల రిజిస్టర్లో రోజూ తేదీ వేసి, సున్నా చుట్టి, నీడ ఎంతవరకు వచ్చిందో పెన్సిలుతో నల్లగా దిద్దేవాడు. "నీకు సులువైతదని గీసిన," అని ఇచ్చేవాడు. నాలుగు బొమ్మల్లో నీడ అమావాస్యకు తరిగే చంద్రుడి మీది చీకటిలా మూలనుంచి పాకుతూ వచ్చింది. ఇంత చక్కగా తప్పును రాసిచ్చేవాళ్లు పట్నాల్లో కూడా దొరకరని సుప్రియ మురిసిపోయింది కూడా.

ఆదివారం చర్చి నుంచి నేరుగా హాలుకే వచ్చింది. రాజమల్లు కుడికన్ను ఎర్రగా ఉంది. సబ్బు పడిందన్నాడు. ఆ రోజు ఆయన హెడ్‌సెట్ తీయడానికి చాలాసేపు పట్టింది.

"ఎట్లున్నది కాకా?"

"నిన్నటంతే. పెరగలే."

సుప్రియ ఎగిరి గంతేసినంత పని చేసింది. పొద్దున ప్రార్థన ఊరికే పోలేదు, దీపాలు పనిచేస్తున్నాయి! ఆ రోజు ఐదోది, తర్వాత సోమ, మంగళ, బుధ, గురు, రోజుకో దీపం పెడుతూనే పోయింది. బొమ్మలో నీడ శనివారం ఉన్నచోటే ఆగిపోయింది. తగ్గలేదు, కానీ పెరగలేదు. ఆ మాత్రం చాలు, మిగతాది కూడా పోతుందని ఆమె ధైర్యం.

గురువారం మధ్యాహ్నం సుకన్య మేడం కిందికి వచ్చింది. ఎల్లుండి వర్ధన్నపేట, పరకాల బడుల పిల్లలు వస్తారు, తానూ ఒకసారి చంద్రుడి మీదికి పోయొద్దామనుకుంది. హెడ్‌సెట్ పెట్టుకున్న మరుక్షణం కెవ్వుమని అరిచి పీకేసింది.

"ఏందిది సుప్రియా! ఎడమ కన్ను మాడిపోతాంది! వెల్డింగ్ పెట్టినవా లోపల?"

సుప్రియ నవ్వబోయింది. మేడం కంటి నుంచి నీళ్లు కారుతుంటే నవ్వు ఆగింది. తను పెట్టుకుని చూసింది, కుడికన్ను మూసుకుని. కింద మూలలో తొమ్మిది దీపాలు భగభగ మండుతున్నాయి. గొయ్యి లేదు, రాయి లేదు, నీడ లేదు, అంతా తెల్లటి మంట. తొమ్మిది రోజులుగా తన హెడ్‌సెట్లో ఇదంతా చూస్తూనే ఉంది. చూస్తూ కూడా, కాక చీకటి అన్నాడు కాబట్టి చీకటే అయి ఉంటుంది, నా కన్నే ఆనడం లేదు అనుకుంది. ఇప్పుడు ఆలోచిస్తే ఆమెకే వింతగా ఉంది, అంత తెలివిగల బుర్ర ఎక్కడ తాకట్టు పెట్టిందో.

అయితే కాక పెట్టుకునే హెడ్‌సెట్ అద్దంలో ఏదో తేడా ఉందన్నమాట. బాల్కనీకి పరుగెత్తి సున్నా నుంచి పరీక్ష మొదలుపెట్టింది. చంద్రుణ్ణి తీసేసింది. సూర్యుణ్ణి తీసేసింది. నీడల లెక్కలు, తొమ్మిది దీపాలు, అన్నీ ఆపేసి, రెండు కళ్లకూ ఒట్టి తెల్లరంగు పంపింది. సున్నం వేసిన గోడ ఎంతో అదీ అంతే. దాంట్లో తప్పు ఉండడానికి చోటు లేదు. కిందికి దిగి, మేడం పెట్టుకుని తీసిన హెడ్‌సెట్‌నే రాజమల్లు చేతికిచ్చింది. ఈ అద్దం మంచిదని మేడం అరుపే సాక్ష్యం.

"చూడు కాకా. ఎట్లున్నది?"

ఆయన అలవాటు ప్రకారం ఎడమకన్ను మూశాడు. తలూపాడు. కుడికన్ను మూశాడు.

"అదే మూల. నిన్నటంతే ఉన్నది నీడ."

సూర్యుడు లేని చోట నీడేమిటి? బొమ్మలో లేదు. ప్రోగ్రాంలో లేదు. అద్దంలో లేదు. ఒక్కొక్కటే తీసేసుకుంటూ పోతే చివరికి మిగిలింది ఒక్కటే, అది తన ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఉంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, తొమ్మిది రోజులు చంద్రమండలమంతా వెతికింది తను.

"కాకా," అంది సుప్రియ. "హెడ్‌సెట్ తియ్యి. కుడికన్ను మూసి నా దిక్కు చూడు. నా ముఖం కనవడ్తాందా?"

ఆయన తీశాడు. కుడికన్ను మూయలేదు. "ఒట్టి తెల్లతెర ఏసినవ్ గద బిడ్డా," అన్నాడు నెమ్మదిగా. "మేం గూడ గట్లనే జేసేది. రీలు తీసేసి ఒట్టి లైటు ఏస్తే, దీపంల తప్పా, అద్దంల తప్పా తెలుస్తది."

"తప్పు నీ కంట్ల ఉన్నది కాకా!"

"గట్లనా," అన్నాడు.

అంతే. అదిరిపడాల్సిన మనిషి అదిరిపడలేదు. ఆ సంగతి సుప్రియకు తర్వాత తట్టింది. మేడం ఆటో పిలిచింది, రిజిస్టర్ చంకలో పెట్టుకుని సుప్రియ ఆయన్ని హన్మకొండలో కంటి దవాఖానకు తీసుకుపోయింది.

డాక్టర్ సావిత్రి చుక్కలు వేసి, చీకటి గదిలో ఆయన కంట్లోకి చాలాసేపు చూసింది. లేచి, అక్కడే ఉన్న నర్సుతో రేపు పొద్దుటి మొదటి ఆపరేషన్ ఈయనదేనని చెప్పింది. తర్వాత వీళ్ల వైపు తిరిగింది.

"కంటి లోపలి గోడకు పల్చటి పొర ఉంటుంది, దాని మీదే బొమ్మ పడుతుంది. తడిసిన గోడకు కాగితం ఊడినట్టు ఆ పొర ఊడి వస్తోంది. సగం దాటింది. ఎన్ని రోజులైంది?"

సుప్రియ రిజిస్టర్ తీసి తొమ్మిది బొమ్మలూ చూపించింది. డాక్టర్ ఒక్కొక్కటే తిప్పింది. నాలుగో బొమ్మదాకా తలూపింది. ఐదో దాని దగ్గర ఆగింది. ఆరు, ఏడు తిప్పి మళ్లీ ఐదుకు వచ్చింది.

"ఎవరు గీశారివి?"

"కాకనే గీసిండు. రోజూ చూసి గీస్తడు."

"మొదటి నాలుగూ సరే. ఇలాంటి రికార్డు నా సర్వీసులో చూడలేదు. కానీ తర్వాతి ఐదు?" డాక్టర్ పెన్సిలు తీసుకుని, కొత్త సున్నా చుట్టి, సగానికి పైగా నలుపు చేసి చూపించింది. "ఈరోజు ఈయనకు కనిపిస్తున్నది ఇది. నీడ నాలుగో రోజు ఆగిపోలేదమ్మా. ఆగిందని గీశారు."

సుప్రియ నాలుగో బొమ్మ నుంచి చివరిదాకా తిప్పి చూసింది. ఒక్కటే నీడ, ఒక్కటే గీత, ఐదుసార్లు, పేజీ వెనక పేజీ. చూసి గీసింది కాదు, ముందు పేజీ చూసి దింపింది.

"కాకా?"

రాజమల్లు చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని నేల వైపు చూస్తున్నాడు.

"ఆదివారం పొద్దుగాల ముఖం కడుగుతుంటే కుడికంట్ల సబ్బు వడ్డది," అన్నాడు. "మూసిన. ఎడమ దానితోని చూస్తే అద్దంల నా ముఖానికి మూతి కింద గద్దువ లేదు. హాల్ల కాదు బిడ్డా, మా ఇంట్ల. గప్పుడే ఎర్కయింది."

"ఆదివారం ఎర్కయింది? ఆదివారం!" సుప్రియ అరిచింది. బయట వరండాలో కూర్చున్న రోగులు తలుపు వైపు తొంగిచూశారు. "గుడ్డిదాని లెక్క నేను దీపాల మీద దీపాలు పెడ్తాంటే చూసుకుంట కూసున్నవా? నాకెందుకు చెప్పలే? ఇంట్ల చిన్నమ్మకన్న చెప్పినవా?"

"ఎవలికి చెప్పలే."

"ఎందుకు?"

"నాకేం చదువుందని ఆ హాల్ల పెట్టుకున్నరు బిడ్డా? ఏం కంప్యూటర్ అచ్చని? నా కన్ను జూసి పెట్టుకున్నరు. కన్ను వోయిన ఆపరేటర్ను ఎవడుంచుకుంటడు?" ఇంకా తగ్గు గొంతుతో అన్నాడు, "పెరుగుతాందని గీస్తే నువ్వు కంటి మీదికి అనుమానం తెస్తవని భయం. ఇగ నువ్వేమో రోజొక దీపం ముట్టిస్తానవ్. ఏదన్న ఒక్కటి నా దాక అందుతదేమో అనుకున్న. పిచ్చి ఆశ."

సుప్రియకు కోపం వచ్చింది, కొట్టాలన్నంత కోపం. దాని వెనకే అంతకంటే చేదైనది ఇంకొకటి వచ్చింది. ఐదు రోజులు ఆయన దాచాడు, సరే. ముందు నాలుగు రోజులు? నీడ పెరుగుతోందని ఆ మనిషి నిజమే చెప్పాడు, గీసి మరీ చెప్పాడు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, తెల్లతెర వేసి చూసి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు. చిన్న పరీక్ష, రెండు నిమిషాల పని. ప్రోగ్రాం రాసేవాళ్లకు మొదటి రోజే నేర్పే పరీక్ష. ఆయన కన్ను తప్పు చెప్పదన్న నమ్మకం కొద్దీ ఆ కన్నునే ఎవరూ చూడలేదు. ఆమె కుర్చీలో కూలబడి రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చింది.

"ఊడడం చూపు మధ్యభాగం అంచుకు వచ్చింది, అది ఇంకా ఊడలేదు," అంది డాక్టర్, ఈసారి కొంచెం మెత్తగా. "ఈ రాత్రి తల కదపకుండా పడుకోబెట్టాలి. నిలుస్తుందో లేదో నేను మాటివ్వలేను."

మొగిలమ్మ సాయంత్రానికి వచ్చింది. విషయం విని, మొగుణ్ణి తిట్టరాని తిట్లన్నీ తిట్టి, కొంగు నోట్లో కుక్కుకుని మంచం పట్టీ మీద కూర్చుంది. శుక్రవారం పొద్దున ఆపరేషన్ అయింది. ఊడిన పొర గోడకు అంటుకోవాలని కంట్లోకి గాలిబుడగ ఎక్కించారు. ఆ బుడగ పైకి తేలి పొరను అదిమిపట్టాలంటే మనిషి ముఖం కిందికి పెట్టే ఉండాలి. వారం రోజులు రాజమల్లు బోర్లా పడుకుని నేలతోనే మాట్లాడాడు.

శనివారం హాలు తెరిచారు. ఆపరేటర్ స్టూలు మీద సుకన్య మేడమే కూర్చుంది. అంతకుముందు సాయంత్రం సుప్రియ తొమ్మిది దీపాలూ తీసేసింది, మొదటిది మొదట, చివరిది చివర. ఒక్కొక్కటి తీసేసినప్పుడల్లా ఆ తేదీ కళ్లముందు నిలిచింది. అన్నీ పోయాక ఎడమ మూలలో చంద్రుడి గొయ్యి, దాని నల్లటి నీడ, ఎక్కడుండాల్సినవి అక్కడ ఉన్నాయి. మొదటి నుంచీ అక్కడే ఉన్నాయి. పరకాల పిల్లలు చంద్రుడి మీద ఎగిరెగిరి గంతులేశారు. సుప్రియ బాల్కనీలోంచి దిగలేదు.

ఏడోవారం రాజమల్లు హాలుకు వచ్చాడు, నల్లద్దాలు పెట్టుకుని, మొగిలమ్మ చెయ్యి పట్టుకుని. బుడగ కరిగిపోయిందట. దవాఖానలో అక్షరాల పట్టీ నాలుగో వరుసదాకా చదివాడట. కిటికీ ఊచలు కొంచెం వంకరగా కనిపిస్తున్నాయట, మూల మసక అట్లాగే ఉండిపోతుందట. మేడం సంతోషంతో టీ తెప్పించింది. స్టూలు నీదే, ఎక్కడికీ పోదు, ముందే చెప్పి ఉంటే అప్పుడూ ఇదే మాట అనేదాన్ని కదా అని ఆయన్ని కేకలేసింది. రాజమల్లు తల దించుకుని ఆ కేకలు మొత్తం విన్నాడు.

సుప్రియ మాత్రం టీ ముట్టలేదు. నాలుగో వరుసదాకా చదివాడు, నిజమే కావచ్చు. ముందు పేజీ చూసి ఐదుసార్లు నీడ దింపిన మనిషికి, కుడికంటితో చూసి నాలుగు వరుసల అక్షరాలు కంఠస్థం చేయడం ఒక లెక్కా? ఆమెకు ఆయన మాట వినాలని ఉంది, నమ్మాలంటే భయంగా ఉంది. పాత గురి పోయిన చోట ఇంకా ఏదీ మొలవలేదు.

"కాకా, అద్దాలు తియ్యి," అంది. దగ్గరికొచ్చి తన అరచేత్తో ఆయన కుడికన్ను గట్టిగా మూసింది. వేళ్ల సందు లేకుండా చూసుకుంది. రెండో చెయ్యి ఆయన ముఖం ముందు పెట్టింది. "ఇప్పుడు చెప్పు. ఎన్ని వేళ్లు?"

రాజమల్లు ఎడమకన్ను చికిలించాడు. మొగిలమ్మ టీ గ్లాసు పట్టుకున్న చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఏదో ఒకటి చెప్పవయ్యా అన్నట్టు మేడం ముందుకు వంగింది. రెండో మూడో, ఏదో ఒక అంకె అనేస్తాడేమోనని సుప్రియ భయం. అంకె ఏదన్నా అన్నాడంటే, అంతా అయిపోయినట్టే.

"వేళ్లేడివి బిడ్డా," అన్నాడు రాజమల్లు. "పిడికిలి వట్టినవ్."